లాఫ్ట్ గదికి కరెంటు: ఉన్న లైన్ పొడిగించాలా, కొత్త సర్క్యూట్లు వేయాలా, పైన వేరే బోర్డు పెట్టాలా?

లాఫ్ట్ కన్వర్షన్‌కి, అంటే ఇంటి వాలు కప్పు కింద ఉన్న ఖాళీని గదిగా మార్చే పనికి, బిల్డర్ ఇచ్చిన కొటేషన్ తీసి చూడండి. మెట్లు, స్టీల్ బీములు, కిటికీలు, ఇన్సులేషన్, ప్లాస్టరింగ్ అన్నీ విడివిడిగా రాసి ఉంటాయి. కరెంటు పని దగ్గరకొచ్చేసరికి చాలాసార్లు ఒకటే ముక్క, "ఎలక్ట్రికల్స్ కలిపి" అని. ఆ ముక్కలో నాలుగు రకాల పనుల్లో ఏదైనా ఉండొచ్చు. కింది అంతస్తు వైరుకి పైన నాలుగు ప్లగ్గులు తగిలించి వెళ్లినా అది ఎలక్ట్రికల్సే, ఇంటి బోర్డంతా మార్చి పైకి ప్రత్యేకంగా లైన్లు లాగినా అది ఎలక్ట్రికల్సే. రెండు కొటేషన్ల మధ్య తేడా ఎందుకొచ్చిందో తెలియక తక్కువ ఉన్నదానికి సరే అంటే, పైన షవరుకి కరెంటు చాలదన్న సంగతి ప్లాస్టర్‌బోర్డు మూసేశాక బయటపడుతుంది. అప్పుడు సరిచేయాలంటే రంగులు వేసిన కొత్త గోడల్నే పగలగొట్టాలి.

ఇది ఇంగ్లండ్‌లో ఇళ్లున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. స్లౌ, రెడింగ్, హౌన్‌స్లో, మిల్టన్ కీన్స్ లాంటి చోట్ల ఉండే మూడు బెడ్‌రూముల సెమీలు, టెర్రస్ ఇళ్లు నా మనసులో ఉన్నాయి. అమ్మానాన్నలు ఆరు నెలల వీసా మీద వస్తే ఉండటానికో, ఇంటి నుంచి పని చేసుకోవడానికో, పిల్లలు పెద్దవాళ్లయ్యారనో పైన గది వేస్తారు. స్కాట్లండ్‌లో అనుమతుల పద్ధతి వేరు, వేల్స్‌లోనూ కొన్ని తేడాలున్నాయి. అక్కడివాళ్లు కాగితాల సంగతి విడిగా కనుక్కోండి, మిగతాదంతా మీకూ పనికొస్తుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

పైన ఏం నడుస్తుంది? అన్నిటికంటే ముందు ఇదే. ఎల్‌ఈడీ లైట్లు, లాప్‌టాప్, టీవీ ఎన్ని పెట్టినా కరెంటుకి పెద్ద లెక్క కాదు. వేడి పుట్టించేవే అసలు లోడు. గదిలో పెట్టుకునే చిన్న హీటరు 2 కిలోవాట్లు, హెయిర్ డ్రయ్యర్ ఇంచుమించు అంతే. ఎలక్ట్రిక్ షవరు సంగతి పూర్తిగా వేరు. మన ఊళ్లో బాత్రూం గీజరు 2 కిలోవాట్లు, నీళ్లు నిలవబెట్టి నిదానంగా కాస్తుంది. ఇక్కడి షవరు నీళ్లు పారుతుండగానే కాయాలి కాబట్టి 8.5, 9.5 కిలోవాట్లు లాగుతుంది, అంటే 40 ఆంపియర్ల దాకా. గీజరుకి పెట్టినట్టే ఒక పవర్ ప్లగ్ పెడితే సరిపోతుందనుకుంటే లెక్క తప్పుతుంది. అయితే పైన షవరు అన్నంత మాత్రాన ఎలక్ట్రిక్ షవరే కానక్కర్లేదు, కింది బాయిలర్ నుంచి వేడినీళ్లు పైకి సరిపడా వస్తే మిక్సర్ షవరు పెట్టుకోవచ్చు, అప్పుడు ఈ 40 ఆంపియర్ల గొడవే ఉండదు. కాబట్టి ప్లంబరుతో మాట్లాడకుండా ఎలక్ట్రీషియన్‌తో మాట పూర్తి చేయకండి.

కింద బోర్డు ఎలా ఉంది? మీటరు దగ్గర, మెట్ల కింద ఉండే కన్స్యూమర్ యూనిట్ తలుపు తెరిచి ఫోటో తీసుకోండి. ఖాళీ స్థానాలు ఎన్ని ఉన్నాయి? ఫ్యూజు తీగ వేసే పాతకాలం హోల్డర్లా, బ్రేకర్లా? టెస్ట్ బటన్ ఉన్న ఆర్‌సీడీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే పరికరం, ఉందా? అది అన్నిటికీ కలిపి ఒకటా, రెండా, లేక ఒక్కో సర్క్యూట్‌కి ఒక్కో ఆర్‌సీబీఓ ఉందా? లీకేజీనీ ఓవర్‌లోడునీ రెండిటినీ ఒకే పరికరం చూసుకుంటే దాన్ని ఆర్‌సీబీఓ అంటారు, సర్క్యూట్‌కి ఒకటి పెడతారు కాబట్టి ఎక్కడ తప్పు ఉంటే అక్కడే ఆగిపోతుంది.

ఇంటికొచ్చే సప్లై ఎంత? మీటరు ముందు ఉండే మెయిన్ ఫ్యూజు 60, 80, లేదా 100 ఆంపియర్లు ఉంటుంది. పాత ఇళ్లలో 60 ఇంకా కనిపిస్తుంది. 7 కిలోవాట్ల కారు చార్జరు 32 ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది, దానికి ఇండక్షన్ పొయ్యి, షవరు తోడైతే 60 ఆంపియర్ల ఇంట్లో సందు ఉండదు. ఈ ఫ్యూజు మీది కాదు, మీ ప్రాంతపు డిస్ట్రిబ్యూషన్ కంపెనీది. లండన్ చుట్టుపక్కల చాలా చోట్ల అది యూకే పవర్ నెట్‌వర్క్స్. సీలు మీరు గానీ బిల్డరు గానీ తీయకూడదు, పెంచాలంటే వాళ్లకే దరఖాస్తు పెట్టాలి. మీ సప్లై పక్కింటితో కలిసి ఉంటే, దాన్నే లూప్డ్ సప్లై అంటారు, విడదీయడానికి రోడ్డు తవ్వాల్సి రావచ్చు, ఆ పని నెలలు పట్టొచ్చు. అందుకని ఇది బిల్డరు రాకముందే మొదలుపెట్టాల్సిన పని.

ఒకటి పోతే ఏమేం ఆరిపోతాయి? పగలు ఇది చిన్న చికాకు. రాత్రిపూట పైన లాఫ్ట్‌లో పడుకున్న పెద్దవాళ్లకి మెట్ల మీద లైటు లేకపోవడం చిన్న విషయం కాదు.

కేబుల్ ఏ దారిన పోతుంది? ఎంత లావు కేబుల్ అన్నది ఒక్కటే చూస్తే చాలదు, అది ఎందులో పూడుతుందో కూడా చూడాలి. ఇక్కడ ఇళ్లలో వాడే ట్విన్ అండ్ ఎర్త్ కేబుల్‌లో 10 చదరపు మిల్లీమీటర్లది గోడ మీద బయటకు క్లిప్పులతో బిగిస్తే 64 ఆంపియర్లు మోస్తుంది. అదే కేబుల్‌ని ఇన్సులేషన్ మధ్యలో నాలుగువైపులా కప్పేస్తే 32కి పడిపోతుంది, వేడి బయటకు పోయే దారి లేక. 2.5 కేబుల్ అయితే 27 నుంచి 13.5కి. లాఫ్ట్ అంటేనే ఇన్సులేషన్ కాబట్టి, కింద సరిపోయిన కేబుల్ పైన సరిపోకపోవచ్చు. మీ ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ డ్రాయింగు అడగకుండా కేబుల్ సైజు చెప్పేస్తే మళ్లీ అడగండి. పాత లాఫ్ట్‌లో పాలీస్టైరీన్ గింజలు పోసి ఉంటే అవి పీవీసీ వైరు తొడుగుని నెమ్మదిగా పాడుచేస్తాయి, అవి తగలకుండా చూసుకోవాలి.

కాగితాలు. దీని గురించి తర్వాత విడిగా చెప్తాను.

## మొదటి దారి: ఉన్న సర్క్యూట్‌నే పైకి పొడిగించడం

అన్నిటికంటే చవక, ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. మొదటి అంతస్తు లైట్ల వైరు పాత లాఫ్ట్‌లోనే పరచి ఉంటుంది, ప్లగ్గుల వైరు ఒక ఫ్లోరు కింద ఉంటుంది.

లైట్ల వరకు లోడు సమస్య లేదు. 6 ఆంపియర్ల లైటింగ్ సర్క్యూట్ 1,380 వాట్లు మోస్తుంది, పైన పది ఎల్‌ఈడీ డౌన్‌లైట్లు వేసినా 50, 60 వాట్లు దాటవు. ప్లగ్గులకి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఇక్కడ ఇళ్లలో ప్లగ్గుల లైను చాలావరకు రింగు, అంటే కేబుల్ బోర్డులో మొదలై అన్ని ప్లగ్గులూ తిరిగి మళ్లీ బోర్డుకే వస్తుంది, 32 ఆంపియర్ల బ్రేకరు మీద. దాని నుంచి ఫ్యూజు పెట్టి పైకి ఒక కొమ్మ లాగితే ఆ కొమ్మ మొత్తానికి 13 ఆంపియర్లే, అంటే 3 కిలోవాట్లకి కాస్త తక్కువ. చలికాలంలో పైన హీటరు, హెయిర్ డ్రయ్యర్ ఒకేసారి వేస్తే ఆ ఫ్యూజు ఎగిరిపోతుంది. రింగునే తెంచి పైదాకా తిప్పి తెస్తే 32 దొరుకుతుంది కానీ అది మొదటి అంతస్తు గదులతో పంచుకునే 32.

ఇంకొకటి. పాత సర్క్యూట్‌కి ఆర్‌సీడీ రక్షణ లేకపోతే, కొత్తగా వేసే ప్లగ్గులకీ గోడలో పూడ్చే కేబుళ్లకీ ఇప్పటి నియమాల ప్రకారం అది తప్పనిసరి. 1960ల ముందరి లైటింగ్ వైరింగ్ అయితే ఎర్త్ వైరే లేకపోవచ్చు, దాని మీద కొత్త పని పెట్టనే కూడదు. అంటే చవక అనుకున్న దారి, పాత ఇంట్లో పరీక్ష చేసి చూశాక చవకగా మిగలకపోవచ్చు.

నా మటుకు, పైన ఉన్నది ఒక్క చిన్న ఆఫీసు గది, రేడియేటర్లు బాయిలర్ నుంచి వస్తాయి, బాత్రూం లేదు, బోర్డు కొత్తది అన్నప్పుడే ఈ దారి సబబు. బెడ్‌రూమ్, షవరు ఉన్న లాఫ్ట్‌కి ఇది వద్దు.

## రెండో దారి: ఉన్న బోర్డు నుంచే కొత్త సర్క్యూట్లు

బోర్డులో రెండు మూడు ఖాళీలు ఉండి, అది ఈ పదేళ్లలో పెట్టిందైతే ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. పైకి లైట్లకి ఒకటి, ప్లగ్గులకి ఒకటి, షవరు ఉంటే దానికి ఒకటి. ఒక్కోదానికి ఒక్కో ఆర్‌సీబీఓ.

ప్లగ్గులకి రింగే కావాలని లేదు. ఒకటి రెండు గదుల లాఫ్ట్‌కి 20 ఆంపియర్ల రేడియల్, అంటే బోర్డు నుంచి బయల్దేరి చివరి ప్లగ్గు దగ్గర ఆగిపోయే లైను, 2.5 కేబుల్‌తో చక్కగా సరిపోతుంది, అదీ ఇన్సులేషన్‌లో పూడిపోకుండా దారి చూసుకుంటేనే. ఎలక్ట్రిక్ హీటర్లు ఖాయమైతే 4 కేబుల్ మీద 32 ఆంపియర్ల రేడియల్ అడగండి, దానికీ ఇదే షరతు.

ఇందులో కష్టం కేబుళ్ల దారి. బోర్డు మెట్ల కింద, గది రెండంతస్తుల పైన. మూడు నాలుగు కేబుళ్లు మధ్య గోడల్లోంచి పోవాలి. కొత్త మెట్ల పక్క గోడలోనో, బాత్రూం పైపుల డబ్బాలోనో, అల్మరా మూలలోనో నిలువుగా తీసుకెళ్తారు. నీట్‌గా ఉండాలంటే ఒక గది గోడకి గాడి పెట్టి మళ్లీ ప్లాస్టరు, రంగు వేయాల్సి వస్తుంది, ఆ ఖర్చు కొటేషన్‌లో ఉందా అని అడగండి. చాలాసార్లు ఉండదు.

బోర్డులో ఖాళీ కనిపించిందని దానికి సరిపోయే పరికరం దొరుకుతుందని కాదు. ఒక కంపెనీ బోర్డులో ఇంకో కంపెనీ బ్రేకరు పట్టినా పెట్టకూడదు, ఆ కలయికని ఎవరూ పరీక్షించి ఉండరు. పాత మోడళ్లకి ఆర్‌సీబీఓలు దొరకడమే మానేసి ఉండొచ్చు. అప్పుడు మూడో దారి తప్పదు.

## మూడో దారి: బోర్డే మార్చి, కొత్త సర్క్యూట్లు వేయడం

ఫ్యూజు తీగల బోర్డు, ఆర్‌సీడీ లేని బోర్డు, ఖాళీ లేని బోర్డు, ఈ మూడింట్లో ఏది ఉన్నా నేను ఇటే మొగ్గుతాను. లాఫ్ట్ కోసం ఎలాగూ ఎలక్ట్రీషియన్ ఇంట్లో ఉంటాడు, దుమ్మూ ధూళీ ఎలాగూ ఉంది. ఇప్పుడు వాయిదా వేసి రెండేళ్లకి కారు చార్జరు కోసం మళ్లీ బోర్డు మార్చేకంటే ఒకేసారి అయిపోతుంది. లాభం లాఫ్ట్‌కే కాదు, ఇల్లంతటికీ. కొత్త బోర్డుల్లో పిడుగుల వల్ల, లైన్లలో ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ వల్ల సామాన్లు పాడవకుండా ఎస్‌పీడీ కూడా పెడుతున్నారు.

ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. 2016 నుంచి ఇళ్లలో కొత్తగా పెట్టే బోర్డులు మంటలంటుకోని డబ్బాలో, అంటే మామూలుగా లోహపు డబ్బాలో ఉండాలి. అంతకుముందు పెట్టిన ప్లాస్టిక్ బోర్డులు చట్టవిరుద్ధమైపోలేదు. "ప్లాస్టిక్ బోర్డు కాబట్టి పీకేయాల్సిందే" అని ఎవరైనా భయపెడితే, లోపల పరిస్థితి ఏంటో పరీక్ష చేసి రాసివ్వమనండి.

చవకలో ఇచ్చే కొత్త బోర్డుల్లో రెండే ఆర్‌సీడీలు పెట్టి సర్క్యూట్లని రెండు గుంపులుగా పంచుతారు. ఒక గుంపులో ఎక్కడ లీకేజీ వచ్చినా ఆ సగం ఇల్లు చీకటి, ఫ్రిజ్ ఉన్న సగం అదే అయితే అదీ ఆగిపోతుంది. అన్నీ ఆర్‌సీబీఓలున్న బోర్డుకి కొంత ఎక్కువవుతుంది. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవడం నాకు నచ్చదు. మిగుల్చుకోవాలంటే డౌన్‌లైట్ల లెక్క తగ్గించుకోండి.

ఈ దారిలో అనుకోకుండా బయటపడే ఖర్చులు ఉంటాయి. కొత్త బోర్డు పెట్టాలంటే గ్యాసు, నీళ్ల పైపుల్ని ఎర్త్‌కి కలిపే తీగ, అంటే ఎర్త్ బాండింగ్, సరిగ్గా ఉండాలి, 1970ల ఇళ్లలో అది సన్నగా ఉండొచ్చు లేదా ఉండకపోవచ్చు. పాత వైరింగ్‌లో ఇన్నాళ్లూ ఎవరికీ తెలియని లీకేజీ కొత్త ఆర్‌సీబీఓ పెట్టగానే ట్రిప్ అయి కనిపిస్తుంది. అది కొత్త బోర్డు తప్పు కాదు, అయినా వెతికి బాగుచేయడానికి గంటలు పడతాయి. అందుకే బోర్డు మార్చే రోజుకి ముందే పాత సర్క్యూట్లని పరీక్షించమనండి.

## నాలుగో దారి: లాఫ్ట్‌లోనే చిన్న సబ్ బోర్డు

కింద నుంచి ఒకే లావు కేబుల్ పైకి తెచ్చి, పైన చిన్న బోర్డు పెట్టి అక్కడి నుంచి లైట్లు, ప్లగ్గులు, హీటింగు, ఏసీ విడదీయడం. మధ్య అంతస్తుల్లోంచి నాలుగైదు కేబుళ్ల బదులు ఒకటే పోతుంది కాబట్టి, కింద గదులు ఇప్పుడే రంగులు వేయించుకున్నవాళ్లకి ఇది పెద్ద ఊరట. తర్వాత ఇంకేదైనా కలపాలంటే పైనే కలుపుకోవచ్చు. రాత్రి ఏదైనా ట్రిప్ అయితే రెండంతస్తులు దిగక్కర్లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పైన ఉంటే ఇది నిజంగా ఉపయోగమే. ఆఫీసు, బెడ్‌రూమ్, షవరు అన్నీ ఉన్న పెద్ద డార్మర్ లాఫ్ట్‌కి (వాలు కప్పు నుంచి బయటికి గది పెంచినది) నేను దీన్ని గట్టిగా పరిశీలిస్తాను.

అయితే దీన్ని తప్పుగా వేస్తే లాభమంతా పోతుంది. గోడ ఉపరితలానికి 50 మిల్లీమీటర్ల లోపు పూడ్చే మామూలు కేబుల్‌కి ఆర్‌సీడీ రక్షణ కావాలి. అందుకని కింద ఒక ఆర్‌సీడీ, పైన ఆర్‌సీబీఓలు పెట్టారనుకోండి, పైన లీకేజీ వస్తే రెండూ ఒకేసారి ట్రిప్ అవుతాయి, లేదా కిందిదే ముందు ట్రిప్ అయి పైనంతా చీకటవుతుంది, మీరు మళ్లీ మెట్ల కిందకే వెళ్లాలి. దీనికి మార్గాలున్నాయి. ఆ కేబుల్‌ని ఉక్కు తీగల కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్‌గా వేయొచ్చు, లేదా ఆర్‌సీడీ అవసరం లేని లోతైన దారిలో తేవచ్చు. కింది నుంచి పైకొచ్చే ఆ లావు కేబుల్‌నే సబ్ మెయిన్ అంటారు. "సబ్ మెయిన్‌కి కింద ఏం పెడుతున్నారు?" అని అడగండి. జవాబు తడబడితే ఆ మనిషికి ఈ రకం పని అలవాటు లేదని అర్థం చేసుకోండి.

ఎలక్ట్రిక్ షవరు ఉంటే లెక్క ఇంకా మారుతుంది. షవరు ఒక్కటే 40 ఆంపియర్లు లాగితే, దాన్ని సబ్ బోర్డు మీద పెట్టడానికి కింద నుంచి 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయినా కావాలి. దానికంటే షవరుకి మెయిన్ బోర్డు నుంచి నేరుగా ఒక 10 కేబుల్, మిగతావాటికి సబ్ బోర్డు అనే కలయిక చాలా ఇళ్లలో తేలిగ్గా కుదురుతుంది. రెండు కేబుళ్లనీ ఇన్సులేషన్‌కి దూరంగా తేవాలన్నది ఇక్కడా మర్చిపోకూడదు.

బోర్డు పెట్టే చోటు కూడా ముఖ్యం. వాలు కప్పు కింద సామాన్లు దాచే సందులో పెట్టి, ముందు సూట్‌కేసులు పేర్చేస్తే దాని వల్ల ప్రయోజనం లేదు. మెట్లెక్కగానే చేతికందే గోడ మేలు.

## ఒకచోట పెట్టి చూస్తే

| చూడాల్సింది | పొడిగింపు | ఉన్న బోర్డు, కొత్త సర్క్యూట్లు | కొత్త బోర్డు, కొత్త సర్క్యూట్లు | పైన సబ్ బోర్డు |
|---|---|---|---|---|
| ఖర్చు | అన్నిటికంటే తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | మధ్యస్థం నుంచి ఎక్కువ, కింది బోర్డుని బట్టి |
| ఎలక్ట్రిక్ షవరు | కుదరదు | కుదురుతుంది | కుదురుతుంది | కుదురుతుంది, షవరుకి నేరుగా వేరే లైను మేలు |
| ట్రిప్ అయితే | కింది గదులు కూడా పోతాయి | ఆ సర్క్యూట్ మాత్రమే | ఆ సర్క్యూట్ మాత్రమే | సరిగ్గా వేస్తే పైన ఆ ఒక్కటే |
| కింది గోడలకి పని | దాదాపు లేదు | మూడు నాలుగు కేబుళ్ల దారి | అదే | ఒకటి రెండు కేబుళ్ల దారి |
| తర్వాత పెంచుకోవడం | కష్టం | ఖాళీలున్నంత వరకు | సులువు | పైన చాలా సులువు |
| ఏ ఇంటికి | చిన్న ఆఫీసు గది | బోర్డు కొత్తగా ఉన్న ఇల్లు | పాత బోర్డు ఉన్న ఇల్లు | పెద్ద లాఫ్ట్, కింద గోడలు ముట్టుకోవద్దనుకునేవాళ్లు |

## మీ పరిస్థితిని బట్టి

అమ్మానాన్నల కోసం కట్టిస్తుంటే లైట్ల గురించి ఎక్కువ ఆలోచించండి. కొత్త మెట్ల లైటుకి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి ఉంటుంది కదా, ఆ లైటు పూర్తిగా ఒకే సర్క్యూట్ నుంచి రావాలి. వైరు కలిసొస్తుందని ఫేజు ఒక సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ ఇంకో సర్క్యూట్ నుంచి తీసుకుంటే ఆర్‌సీబీఓలు లైటు వేసిన ప్రతిసారీ ట్రిప్ అవుతాయి. అంతకంటే ఘోరం, ఒక సర్క్యూట్ ఆపి పని చేసేవాడికి రెండోదాని నుంచి షాకు కొట్టొచ్చు. మెట్ల లైటు మొదటి అంతస్తు సర్క్యూట్ మీద, పై గది లైట్లు కొత్త సర్క్యూట్ మీద ఉంటే, ఒకటి పోయినా రెండోది వెలుగుతుంది.

ఇంటి నుంచి పని చేసేవాళ్లకి కరెంటుతో పాటు నెట్ కేబుల్ కూడా ఇప్పుడే లాగించుకోండి. రౌటరు కింద హాల్లో ఉంటే, రేకు అంటించిన ఇన్సులేషన్ బోర్డులు దాటి వైఫై పైకి సరిగ్గా రాదు. కరెంటు కేబుల్‌కి ఆనించకుండా విడిగా వేయమనండి.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. 2022 జూలైలో లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. కప్పు కిందే ఉండే గది ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు. చిన్న స్ప్లిట్ ఏసీ నడవడానికి తీసుకునేది సుమారు 1 కిలోవాట్ మాత్రమే, కానీ దానికి విడిగా ఒక లైను ఉండాలి. ఇప్పుడు ఏసీ పెట్టకపోయినా బోర్డులో ఒక ఖాళీ, ఏసీ వచ్చే చోటికి ఒక కేబుల్ వేసి చివర మూసిపెట్టించండి. సోలార్ పలకలు ఆలోచనలో ఉంటే దానికీ అంతే. గోడ తెరిచి ఉన్నప్పుడు కేబుల్ దాదాపు దాని ఖరీదుకే వస్తుంది.

అద్దెకిచ్చే ఇల్లయితే ఇంగ్లండ్‌లో అయిదేళ్లకోసారి కరెంటు తనిఖీ నివేదిక తప్పనిసరి. పాత బోర్డు మీద అతుకులేసిన పని ఆ తనిఖీలో మళ్లీ ఖర్చు పెట్టించే అవకాశం ఎక్కువ, అందుకని మూడో దారే మీకు నయం.

బడ్జెట్ నిజంగా బిగుతుగా ఉంటే, కేబుళ్లన్నీ ఇప్పుడే లాగించి, ఎలక్ట్రిక్ షవరు, ఫ్యాన్సీ లైట్లు తర్వాత పెట్టుకోండి. గోడ లోపల ఉండే పనిలో తగ్గించుకోవద్దు, బయట కనిపించేవి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

## ఏ దారైనా తప్పనివి

పొగ అలారాలు. లాఫ్ట్‌ని గదిగా మార్చితే ప్రతి అంతస్తు హాల్లో, ల్యాండింగ్‌లో మెయిన్స్ కరెంటుతో నడిచే, లోపల బ్యాటరీ కూడా ఉన్న అలారాలు కావాలి, అవన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. వంటింటి పక్కన మోగితే పైన లాఫ్ట్‌లో కూడా మోగాలి. వాటికి కరెంటు రోజూ వాడే లైటింగ్ సర్క్యూట్ నుంచి ఇవ్వడం నాకు ఇష్టం, ఆ లైను పోతే లైటు వెలగక మీకు వెంటనే తెలుస్తుంది.

పైన బాత్రూం ఉంటే ఎగ్జాస్ట్ ఫ్యాను, తడి తగిలే చోట్ల దానికి తగిన రకం లైట్లు. మామూలు ప్లగ్గులు షవరుకి దూరంగా, బాత్రూం బయటే ఉంచండి.

## కాగితాలు

మన దగ్గర తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి పని చేసి వెళ్లిపోతాడు, ఎవరూ కాగితం అడగరు. ఇంగ్లండ్‌లో 2005 నుంచి బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో పార్ట్ పి అని ఒక భాగం ఉంది. కొత్త సర్క్యూట్ వేసినా, బోర్డు మార్చినా, స్నానాల గదిలో షవరు, టబ్బు చుట్టుపక్కల వైరింగ్ మార్చినా కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి తెలియజేయాలి. ఎన్‌ఐసీఈఐసీ, న్యాపిట్ లాంటి సంస్థల్లో నమోదైన ఎలక్ట్రీషియన్ అయితే తన పనిని తనే ధ్రువీకరిస్తాడు, మీరు విడిగా దరఖాస్తు పెట్టక్కర్లేదు. నమోదు కానివాడితో చేయిస్తే పని మొదలవకముందే బిల్డింగ్ కంట్రోల్‌కి చెప్పి ఫీజు కట్టాలి. ఉన్న సర్క్యూట్‌ని బెడ్‌రూమ్‌లోకి పొడిగించడం ఒక్కటే అయితే ఈ పార్ట్ పి తెలియజేత అక్కర్లేదు కానీ, లాఫ్ట్ పని మొత్తం ఎలాగూ బిల్డింగ్ కంట్రోల్ కింద ఉంటుంది, వాళ్లు చివర్లో కరెంటు సర్టిఫికెట్ అడుగుతారు.

మీ చేతికి రెండు కాగితాలు రావాలి. ఒకటి, పరీక్షల అంకెలతో సహా ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్. రెండోది బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లయన్స్ సర్టిఫికెట్. పని పూర్తయిన 30 రోజుల్లోపు నమోదు సంస్థ ద్వారా ఆ వివరాలు కౌన్సిల్‌కి చేరాలి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు సొలిసిటర్ ఇచ్చే ఫారంలో 2005 జనవరి తర్వాత కరెంటు పని జరిగిందా, సర్టిఫికెట్ ఉందా అని అడుగుతారు. లేకపోతే కొనేవాళ్లు ధర తగ్గించమంటారు, లేదా నెల ఆలస్యం చేస్తారు.

## బిల్డరుని అడగాల్సినవి

"ఎలక్ట్రికల్స్ కలిపి" అన్న ముక్క కొట్టేసి ఇవి రాసివ్వమనండి: ఎన్ని కొత్త సర్క్యూట్లు, ఒక్కోదానికి ఎన్ని ఆంపియర్లు, ఏ సైజు కేబుల్, ఏ దారిలో, ఎన్ని ప్లగ్గులు, ఎన్ని లైట్లు, బోర్డు మారుస్తున్నారా, ఆర్‌సీబీఓలా, కింద గోడల ప్లాస్టరు ఎవరిది, సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుంది. బిల్డరు మనిషి వైర్లు లాగి, చివర్లో ఎవరో ఎలక్ట్రీషియన్ వచ్చి సంతకం పెట్టడం ఒప్పుకోకండి. గోడలో ఏముందో చూడనివాడు దానికి హామీ ఇవ్వలేడు.

కేబుళ్లు లాగడం అయ్యాక, ప్లాస్టర్‌బోర్డు రాకముందు ఒక రోజు మీకోసం ఆపమనండి. మంచం తలవైపు ప్లగ్గులు వాలు కప్పుకి తగలకుండా ఉన్నాయా, టేబుల్ వెనక సరిపడా ఉన్నాయా, కేబుళ్లు ఇన్సులేషన్‌లో పూడిపోతున్నాయా అని ఎలక్ట్రీషియన్‌తో కలిసి గది చుట్టూ ఒకసారి నడవండి. కొలత టేపు గోడకి ఆనించి ప్రతి గోడనీ, ప్రతి వాలునీ ఫోటో తీసి పెట్టుకోండి. రేపు అల్మరా బిగించడానికి డ్రిల్లు పట్టుకున్నప్పుడు కేబుల్ ఎక్కడుందో ఆ ఫోటోలో చూసుకోవచ్చు.